ఇటుక బట్టీ గుంట, మోటారు షెడ్డు వైపు

విజయవాడ చుట్టుపక్కల గాలం వెయ్యడానికి మంచి చోటేదో చెప్పమని ఈమధ్య పిల్లలు చాలామంది అడుగుతున్నారు. ఫోన్లో పిన్ పెట్టమంటారు. అది నాకు చేతకాదు గానీ మాటల్లో చెబుతాను, రాసుకోండి. యనమలకుదురు లాకులు దాటి బందరు కాలువ గట్టునే పోతే కూలిపోయిన పాత రేవొకటి కనిపిస్తుంది. మెట్లు సగం మట్టిలో కూరుకుపోయి ఉంటాయి. ఎడమవైపు, చివరి మెట్టు. పొద్దున్నే ఎండ ముదరకముందు వెళ్ళి కూర్చోవాలి. ఎవరడిగినా నేను చెప్పే చోటు అదే.

చేపల సంగతి నీకేం తెలుసమ్మా అంటారేమో. నేను మత్స్యశాఖలో పనిచెయ్యలేదు. ఒక దినపత్రిక డెస్కులో ముప్ఫై ఏళ్ళ పైచిలుకు కూర్చుని, ఇతరులు రాసిన వాక్యాల్లో తప్పులు దిద్ది, కళ్ళజోడు నెంబరు పెంచుకుని రిటైరయ్యాను. ఆ ముప్ఫై ఏళ్ళలో నా సొంత తప్పు ఒకటి మాత్రం ఊరంతా చూసింది. తప్పులన్నిటికీ సిగ్గుపడాలని కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు అనుకుంటారు. ఆ తప్పు తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వే వస్తుంది.

అప్పట్లో మా డెస్కులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. రాశిఫలాలు, వంటలు, పిల్లల బొమ్మలు, ఇవన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. మా సొంతూరు కూచిపూడి పక్కనే అని ఎవరో చెప్పిన దగ్గర్నుంచి డాన్సు కార్యక్రమాల వార్తలు కూడా నాకే తోసేవారు. నాకు తకధిమి అన్న మాట తప్ప ఇంకేమీ రాదన్నా నమ్మేవారు కాదు. రాశిఫలాలు పంపే పంతులుగారు ఒక వారం మర్చిపోతే పాత వారానివే రాశులు మార్చి వేసేశాను. ఒక్క పాఠకుడూ పట్టుకోలేదు. అంతటి ప్రాముఖ్యం గల ఉద్యోగం నాది.

అలాంటి రోజుల్లో మా ఎడిషన్ ఇన్‌చార్జిగారు నగరంలో ఉండేవాళ్ళ కోసం ఆదివారం పేజీ ఒకటి మొదలుపెడదామన్నారు. సెలవు రోజున ఎక్కడికి వెళ్ళాలి, ఏం చూడాలి, అదీ వరస. ఆ పేజీ నాకు కావాలి. ఎంత కావాలంటే, రెండు రాత్రులు నిద్రపట్టలేదు. కుర్చీలోంచి లేచి, బయటికెళ్ళి, మనుషులతో మాట్లాడి రాసే పని అది. ధైర్యం చేసి అడిగేశాను.

ఆయన చేతిలో కాగితాలు పక్కన పెట్టారు. "సరేనమ్మా, మొదటి వారం నువ్వే చెయ్యి. బావుంటే పేజీ నీదే. టాపిక్ కూడా నేనే ఇస్తా. ఊరి చుట్టుపక్కల గాలం వేసుకోడానికి మంచి చోట్లు. సముద్రం వద్దు. కాలవలు, చెరువులు, గుంటలు. ఒక్కో చోటుకీ కనీసం ముగ్గురు చెప్పాలి. ఒక్కడు చెప్తే కబురు, ముగ్గురు చెప్తే వార్త."

పక్క బల్ల మీద ఫొటోగ్రాఫర్ కిసుక్కున నవ్వాడు. నేను చేపల పులుసు తినగలను, వండగలను, ముళ్ళు తీసి పిల్లలకి పెట్టగలను. కానీ నీళ్ళలోంచి చేప ఎలా బయటికొస్తుందో అప్పటిదాకా ఆలోచించలేదు.

మూడు రోజులు స్కూటీ మీద తిరిగాను. మొదట దొరికింది ఒక రిటైర్డ్ బస్సు డ్రైవరుగారు. సాయంత్రం ఏలూరు కాలువ గట్టున పీట వేసుకుని, వెదురు కర్ర పట్టుకుని, గాలపు తాడుకి కట్టి నీళ్ళ మీద తేలేసిన బెండు వైపు చూస్తూ కూర్చుని ఉన్నారు. పక్కన బుట్టలో రెండు శీలావతి చేపలు కొట్టుకుంటున్నాయి.

"ఇవి ఎక్కడ పడ్డాయి బాబాయిగారూ?" అని అడిగాను.

ఆయన గడ్డం ఎడమ పక్కకి తిప్పి, చెవి వెనక గోక్కుని అన్నారు. "ఇటుక బట్టీ గుంటమ్మా. మోటారు షెడ్డు వైపు."

రెండోవారు గుణదలలో ఒక టైలరుగారు. కొట్లో గోడకి జాకెట్ల పక్కనే గాలపు కర్ర వేలాడుతోంది. ఆయనా గడ్డం ఎడమ పక్కకి తిప్పి, చెవి వెనక గోక్కున్నారు. "ఇటుక బట్టీ గుంటండీ మేడం. మోటారు షెడ్డు వైపు."

మూడోవారు బెంజ్ సర్కిల్ దగ్గర ఒక హోమియో డాక్టరుగారు. ఆదివారం క్లినిక్ తియ్యరు, చేపలు పడతారని ఎవరో చెప్పారు. ఆయన నాకు నాలిక చాపమన్నారు, నాడి చూశారు, తర్వాత గడ్డం ఎడమ పక్కకి తిప్పారు. "ఇటుక బట్టీ గుంట. మోటారు షెడ్డు వైపు అయితే ఇంకా శ్రేష్ఠం."

నేను ఎగిరి గంతేశాను. ఒకరికొకరు సంబంధంలేని ముగ్గురు మనుషులు, అక్షరం పొల్లుపోకుండా ఒకే మాట! ఈ రోజు నా దగ్గరికి ఎవరైనా అలాంటి వార్త తెస్తే, ముగ్గురూ అంత అచ్చుగుద్దినట్టు ఎందుకు చెప్పారని మొదట అడుగుతాను. యాక్సిడెంట్ చూసిన ముగ్గురు కూడా లారీ రంగు మూడు రకాలుగా చెబుతారు. కానీ అప్పుడు నాకు పేజీ తప్ప ఇంకేమీ కనిపించలేదు.

గుంట చూసి కూడా వచ్చాను. రామవరప్పాడు దాటాక ఏలూరు కాలువ పక్కన పాత బట్టీకి మట్టి తవ్విన పెద్ద గుంట అది. కాలువలోంచి ఒక తూము దాంట్లోకి ఉంది. నీళ్ళు నిశ్చలంగా ఉన్నాయి, గట్టు మీద పాడుబడిన మోటారు షెడ్డు నీడనిస్తోంది. అక్కడ ఒక్కడూ గాలం వెయ్యకపోవడం గమనించాను. గమనించి, "జనసమ్మర్దం లేని ప్రశాంత ప్రదేశం" అని రాసుకున్నాను.

ఎనిమిది చోట్లతో పేజీ వచ్చింది. మొదటి స్థానం ఇటుక బట్టీ గుంటదే, పెద్ద ఫొటోతో.

ఆ ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఫొటోగ్రాఫర్ ఫోన్ చేశాడు. "మేడం, అర్జంటుగా రండి. ఇక్కడ తిరనాళ్ళలా ఉంది."

వెళ్ళి చూస్తే నిజంగానే తిరనాళ్ళు. కార్లు, స్కూటర్లు, టిఫిన్ క్యారియర్లు, చాపలు, గొడుగులు. మరమరాల బండివాడు కూడా వచ్చేశాడు. చేపల్ని ఒకచోటికి రప్పించడానికి ముందుగా తవుడు ఉండలు చేసి నీళ్ళలో వెయ్యాలని నేనే ఒక మూల చిన్న బాక్సులో రాశాను. దాన్ని జనం మనస్ఫూర్తిగా పాటించారు. తవుడు, తెలగపిండి, మిగిలిపోయిన అన్నం, ఇడ్లీ ముక్కలు, ఏది దొరికితే అది గుంటలో పోశారు. ఒకావిడ పెరుగన్నం కూడా వేసింది, చలవ చేస్తుందట. సాయంత్రానికి పడినవి ఒక రబ్బరు చెప్పు, ఒక ప్లాస్టిక్ మగ్గు, బొటనవేలంత గొరక చేప ఒకటి. దాన్ని కూడా ఎవరో జాలిపడి వదిలేశారు.

సోమవారం ఆఫీసు ఫోను మోగుతూనే ఉంది. నేను అడుగుపెట్టగానే ఇన్‌చార్జిగారు లోపలికి పిలిచారు. ఆయన మొహం మాడిపోయి ఉంది.

"నిన్న ఆ జనంలో నువ్వు చూడలేదు గానీ, నేను కూడా ఆ గుంటకి వెళ్ళానమ్మా. మా మావగారిని తీసుకుని. అవనిగడ్డ నుంచి వచ్చారు. అల్లుడి పేపర్లో వచ్చిందని పొద్దున ఆరింటికే కూర్చున్నారు. సాయంత్రం ఆరింటికి లేచారు. ఆ చెప్పు ఆయనకే పడింది."

నాకు తల కొట్టేసినట్టయింది.

"వచ్చే ఆదివారానికి నిజంగా చేపలు పడే చోట్లు రాసి ఇవ్వు. సవరణ వేద్దాం. లేదంటే ఆ పేజీ స్పోర్ట్స్ డెస్కుకి ఇచ్చేస్తాను. నువ్వు మళ్ళీ రాశిఫలాలు చూసుకో."

అట్నుంచి అటే గుణదల వెళ్ళాను. టైలరుగారు మిషను మీద ఉన్నారు. నన్ను చూడగానే నవ్వు ఆపుకోబోయి, ఆపుకోలేక, తొక్కడం మానేసి జాకెట్టులో మొహం దాచుకున్నారు.

"నవ్వకండి! నా ఉద్యోగం మీదికొచ్చింది!" అన్నాను. 

ఆయన నవ్వాపి స్టూలు జరిపారు. "కూర్చోండి మేడం. తప్పు మాదే. గాలం వేసేవాడు చోటు చెప్పడండీ, కన్నకొడుక్కి కూడా చెప్పడు. అలాగని అడిగినవాళ్ళని చెప్పను పొమ్మంటే మర్యాద కాదు కదా. అందుకని మేమందరం ఎప్పుడో ఒక గుంట అనుకున్నాం. ఆ గుంట పేరు చెప్పామంటే ఇంక అడగొద్దని. తెలిసినవాళ్ళు నవ్వేసి ఊరుకుంటారు. మీరు పేపర్లో వేసేశారు."

అంటే ముగ్గురూ నాకు చెప్పింది చోటు కాదు, మర్యాదగా పొమ్మని! దాన్ని నేను ఫొటోతో సహా అచ్చేసి ఇంటింటికీ పంచాను. కోపం వచ్చింది, ఏడుపొచ్చింది. ఆఖరికి ఆ టైలరు మొహం చూస్తే నాకూ నవ్వొచ్చేసింది. ఇద్దరం ఎంతసేపు నవ్వామో తెలియదు, కొలతలివ్వడానికి వచ్చినావిడ గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోయింది.

నవ్వడం అయ్యాక సంగతంతా చెప్పాను. ఆయన అప్పటికప్పుడు డ్రైవరుగారికి ఫోన్ చేశారు. అవతలి గొంతు నాకూ వినిపిస్తోంది. "పాపం, ఆ పిల్ల ఉద్యోగం మనవల్ల పోకూడదయ్యా. బుధవారం పొద్దున్నే తీసుకురా. చూపిద్దాం."

బుధవారం తెల్లవారేసరికి ముగ్గురూ బెంజ్ సర్కిల్ దగ్గర ఉన్నారు. బయల్దేరేముందు డ్రైవరుగారు సంచిలోంచి ఎర్రల డబ్బా తీశారు. ఎర్రలంటే వానపాములు, గాలానికి గుచ్చేవి. మూత తీసి నా ముందు పట్టుకున్నారు.

"దీని మీద చెయ్యేసి ఒట్టెయ్యమ్మా. చూస్తావు, పడతావు, తింటావు. రాయవు."

"రాయకపోతే నాకు పేజీ పోతుంది కదా బాబాయిగారూ!"

"అది నీ ఇష్టం. వస్తే ఒట్టేసి రా. లేదా ఇంటికెళ్ళు. నీ మీద కోపమేం ఉండదు."

డబ్బాలో ఎర్రలు మెలికలు తిరుగుతున్నాయి. ఇంటికెళ్ళి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ ఆ ముగ్గురు పెద్దమనుషులు తెల్లారకుండా లేచి నాకోసం వచ్చి నిలబడ్డారు. వాళ్ళు అంతగా దాచుకునేదేమిటో చూడకుండా వెళ్ళలేకపోయాను. చెయ్యేశాను.

అక్కణ్ణుంచి ఎటు తిరిగామో రాయను. నీళ్ళ మీద పొగమంచు ఉంది, ఎక్కడో మోటారు కొట్టుకుంటోంది, తడిసిన గడ్డి వాసన. అంతవరకు చెప్పగలను. డ్రైవరుగారు నా చేతికి కర్ర ఇచ్చి, "బెండు మునిగితే లాగు, వణికితే లాగొద్దు. వణికేది ఇంకా ఆలోచించుకుంటున్నట్టు" అన్నారు. గంటసేపు బెండు వణుకుతూనే ఉంది. ఆ గంటలో నలుగురం కలిసి నాలుగు మాటలు కూడా ఆడలేదు. డెస్కు, ఫోన్లు, ఇన్‌చార్జిగారి మొహం, అన్నీ ఎటో పోయాయి. బెండు ఒక్కసారిగా మాయమయింది. నేను కెవ్వున అరిచి కర్ర వెనక్కి లాగాను. కిలోకి పైనే ఉన్న శీలావతి గాల్లో తిరిగి వచ్చి డాక్టరుగారి ఒళ్ళో పడింది.

అంత సంతోషం నా ఉద్యోగంలో మళ్ళీ కలగలేదు. మొదటిసారి జీతం తీసుకున్నప్పుడు కూడా నేను అలా గంతులెయ్యలేదు. ఆ ముగ్గురూ నాకంటే ఎక్కువ మురిసిపోయారు.

శనివారం ఇన్‌చార్జిగారు అడిగారు. "చోట్లు తెలిశాయా?"

"తెలిశాయి సార్. రాయలేను."

"అదేంటి?"

"మాటిచ్చాను సార్."

ఆయన పెన్ను బల్ల మీద పెట్టేశారు. పాత్రికేయుడు కదా, మాటిచ్చానంటే ఇంక ఏమనలేరు. "సరే, ఈ వారం పేజీలో వంటలు వేసెయ్. రేపు పొద్దున ఆ గుంట దగ్గరికి రా. మా మావగారు మళ్ళీ అక్కడికే వెళ్తానని కూర్చున్నారు. పేపర్లో అచ్చయ్యాక అబద్ధం ఎలా అవుతుందంటారు ఆయన. ఆయన మొహం మీద నువ్వే చెప్పు అది తప్పని. ఆ తర్వాత పేజీ స్పోర్ట్స్ వాళ్ళకి ఇచ్చేద్దాం."

ఆదివారం వెళ్ళేటప్పుడు నా మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. వారమంతా జనం వస్తూనే ఉన్నారని మరమరాల బండివాడు చెప్పాడు. నేను వెళ్ళేసరికి పదిమంది దాకా ఉన్నారు, ఇంకా తవుడు ఉండలు వేస్తూనే ఉన్నారు. మోటారు షెడ్డు నీడలో మావగారు తలకి తువ్వాలు చుట్టుకుని, పంచె ఎగ్గట్టి పీట మీద కూర్చున్నారు. పక్కన అల్లుడుగారు గొడుగు పట్టుకుని నిలబడ్డారు. కాస్త అవతల గట్టు మీద నా ముగ్గురు గురువులు కర్రలు లేకుండా, టీ ఫ్లాస్కుతో వచ్చి కూర్చున్నారు. తమాషా చూడ్డానికి కాదు, నాకు తోడుగా వచ్చామన్నారు. డాక్టరుగారి జేబులో మరమరాల పొట్లం చూశాక నేను నమ్మలేదనుకోండి.

నేను మావగారి దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకు నిలబడ్డాను. "బాబాయిగారూ, ఈ గుంట గురించి రాసింది నేనేనండి. మీతో ఒక మాట చెప్పాలి. అసలు ఇక్కడ..."

"మాట్లాడకమ్మా," అన్నారాయన మెల్లిగా.

బెండు లేదు. నేను చూసినంతసేపూ కదలకుండా ఉన్న బెండు, లేనే లేదు.

ఆయన లేచి నిలబడి కర్ర లాగారు. వెదురు వంగిపోయింది. అల్లుడుగారు గొడుగు పారేసి మావగారి నడుం పట్టుకున్నారు. మోకాళ్ళ లోతు బురదలో ఇద్దరూ అటూ ఇటూ తొక్కుతూ, కేకలేస్తూ, చివరికి గట్టు మీదికి లాగారు. నాలుగు కేజీలకి తక్కువ లేని బొచ్చె చేప. ఎండలో పెద్ద పెద్ద పొలుసులు మెరుస్తున్నాయి. ఇంకా అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తుండగానే అవతలి పక్క ఇంకొకరి బెండు మునిగింది. ఆ వెనకే ఇంకొకటి. మధ్యాహ్నానికి ఆ గట్టు మీద ఉత్త చేతులతో ఉన్నది నా గురువులు ముగ్గురే.

డ్రైవరుగారు ఫ్లాస్కు మూత చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఆఖరికి నీళ్ళ వైపు, తూము వైపు చూసి తల కొట్టుకున్నారు. "ఊరంతా కలిసి వారం రోజులు వండి వడ్డిస్తే రాకుండా ఉంటాయా! కాలవలో ఉన్న చేపలన్నీ తూములోంచి భోజనానికి వచ్చేశాయి."

ఇన్‌చార్జిగారు బురద బట్టలతో నా దగ్గరికి వచ్చారు. ఆయన అంతలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. "నీ సోర్సులు గట్టివేనమ్మా. సవరణ అక్కర్లేదు. పేజీ నువ్వే చూసుకో." నేను నోరు తెరవబోయాను. గట్టు మీద నుంచి టైలరుగారు వద్దని తల ఊపారు. నోరు మూసుకున్నాను. ఇన్‌చార్జిగారు రిటైరయ్యే రోజున మాత్రం నిజం చెప్పేశాను. కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వి, "మా మావగారికి చెప్పకు" అన్నారు. ఆ బొచ్చె ఫొటో అవనిగడ్డలో వాళ్ళ హాల్లో ఉందట.

కానీ ఆ మధ్యాహ్నం జనం వెళ్ళిపోయాక షెడ్డు నీడలో నా ముగ్గురు గురువుల మొహాలు చూడాలి. ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళలా కూర్చున్నారు. "ఇంక ఎవరైనా అడిగితే ఏం చెబుతామండీ? ఇటుక బట్టీ గుంట అంటే నిజం చెప్పినట్టవుతుంది," అన్నారు డాక్టరుగారు దిగులుగా.

డ్రైవరుగారు నా వైపు తిరిగారు. "పాడుచేసినవాళ్ళే కొత్తది చెప్పాలి. చెప్పమ్మా. నువ్విప్పుడు మాలో మనిషివి కదా."

వాళ్ళలో మనిషినట! అప్పటికి పేజీ దొరికి మూడు గంటలైంది, కానీ ఆ మాటకి వచ్చినంత గర్వం పేజీకి రాలేదు. బాగా ఆలోచించాను. ఎనిమిది చోట్ల కోసం తిరిగినప్పుడు చూసి, పనికిరాదని కొట్టేసినవన్నీ గుర్తు చేసుకున్నాను.

"యనమలకుదురు లాకులు దాటాక బందరు కాలువ గట్టున కూలిపోయిన రేవుంది," అన్నాను. "ఎడమవైపు, చివరి మెట్టు."

"చేపలున్నాయా అక్కడ?" అడిగారు టైలరుగారు.

"కప్పలు కూడా లేవండీ."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత డ్రైవరుగారు గడ్డం ఎడమ పక్కకి తిప్పి, చెవి వెనక గోక్కుని, మెల్లిగా అని చూశారు. "కూలిపోయిన రేవమ్మా. ఎడమవైపు, చివరి మెట్టు." నోటికి బాగానే పట్టింది. ఫ్లాస్కులో మిగిలిన టీ నలుగురం పంచుకున్నాం.

అందుకని పిల్లలూ, మీరు తప్పకుండా వెళ్ళండి. గాలి బావుంటుంది, నీడ ఉంటుంది, జనం ఉండరు. తవుడు ఉండలు మాత్రం ఎక్కువ వెయ్యకండి. మళ్ళీ కొత్త చోటు వెతుక్కునే ఓపిక ఈ వయసులో నాకు లేదు.